ఫర్షీ పూల్‌కు గుర్తు

రిటైరవడానికి మూడేళ్ల ముందు నన్ను నాందేడ్ సర్వే ఆఫీసుకు వేశారు. జిల్లా అంచున, తెలుగు వినిపించే ఇస్లాపూర్ చుట్టుపక్కల వాగుల ప్రాంతానికి పదివేల స్కేలులో కొత్త మ్యాపులు తయారవుతున్నాయి. నేల మీది వంద మీటర్లు కాగితం మీద ఒక సెంటీమీటరన్నమాట. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌గా గుర్తులు గీయడం, వాటిని పరీక్షించడం నా పని.

అక్కడి రోడ్లు వాగులను దాటేది ఎక్కువగా ఫర్షీ పూల్ మీద. వాగు అడుగుకు కాస్త ఎత్తులో వేసిన కాంక్రీటు దారి అది. గట్టి వాన పడితే మునుగుతుంది. దానికి నేనే గుర్తు గీశాను. వంతెనకు వేసే రెండు గీతలే, కొసలు మాత్రం బయటికి కాకుండా లోపలికి వంచాను. ఆఫీసులో అందరూ గుర్తుపట్టారు. సూపరింటెండెంట్ కులకర్ణి సాహెబ్ అచ్చుకు పంపుదామన్నారు. బయటివాళ్లతో చేసే పరీక్ష ఒక్కటే మిగిలింది. గుర్తుల పట్టికను మూసి, ఊళ్ల పేర్లు తీసేసిన మ్యాపు చేతికిచ్చి, దారి చెప్పమంటాం.

ఇస్లాపూర్‌లో అంబులెన్స్ నడిపే గంగారాంకు ఇచ్చాను. యాభై దాటిన మనిషి. ఆయన వేలు ఆ గుర్తు మీదుగా ఆగకుండా సాగిపోయింది. అదేమిటని అడిగాను.

“వంతెన గద సార్. వానల గూడ పోవచ్చు.”

తప్పు అని ఫారంలో రాసుకుని, ఆ చోటు పేరు చెప్పాను. ఆయన రోజూ దాటే ఫర్షీ పూల్ అది. వేలు మళ్లీ ఆ గుర్తు మీదికి తెచ్చాడు.

“పోయిన వానలల్ల కాన్పు మనిషిని ఎక్కించుకొని గీడనే ఆగిన సార్. పిల్ల బండ్లనే పుట్టింది. నేను ఈ ఊరోన్ని గాబట్టి ఆగిన. కొత్తోడైతే గీ కాయితం జూసి నీళ్లల్లకు దించుతడు.”

పట్టికలో తేడా స్పష్టంగానే ఉందని వాదించాను.

“పట్టిక జూసెతందుకు మీకు టైముంటది సార్. నా బండ్ల పేషెంటు ఉంటది,” అన్నాడు. గొంతు పెంచలేదు.

తిరుగు బస్సులో నాకు కోపమే ఎక్కువగా ఉంది. మర్నాడు ఆ గుర్తును అసలు సైజులో అచ్చుతీసి, చేయి చాచి పట్టుకుని చూశాను. వంచిన కొసలు నాకే కనిపించలేదు.

ఒక్క డ్రైవర్ మాటకు షీట్లన్నీ ఆపుతామా అన్నారు కులకర్ణి సాహెబ్. లోపం గుర్తుదని, గీసింది నేనని నోట్ రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, “ఠీక్ ఆహే, కరా,” అని మరాఠీలోనే ఒప్పుకున్నారు.

కొత్త గుర్తులో రోడ్డు గీతలను వాగు దగ్గర తెంపి, వాగును చూపే నీలిగీతను మధ్యలోంచి పోనిచ్చాను. గంగారాంకు సంగతి తెలిసిపోయింది కనుక ఆయనను మళ్లీ పరీక్షించకూడదు. ఆ వారమే బదిలీ మీద వచ్చిన లక్ష్మణ్ అనే డ్రైవర్‌కు ఇచ్చాను. అతని వేలు గుర్తు దగ్గర ఆగింది.

“గీడ నీళ్లు రోడ్డు మీదికెల్లి పోతయా సార్? అయితే వానల ఇటు రావద్దు.”

షీట్లు ఒక వానాకాలం ఆలస్యంగా అచ్చయ్యాయి. నోట్ నా సర్వీసు ఫైల్లో ఉండిపోయింది. గుర్తు అర్థం కాకపోతే తప్పు గీసినవాడిది. దాన్ని వాడే చోట, వాడే మనిషి చేతిలో చూడకుండా సంతకం పెట్టకూడదు. ఈ సంగతి నేను ఉద్యోగంలో చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.