ఇంకో యాభై ఫీట్లు

మా ఆయన బోరు పాయింట్లు చూస్తాడు. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని పొలమంతా తిరుగుతాడు. కాయ లేచి నిలబడ్డ చోట నీళ్లున్నట్టు. మా ఊరు ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఆయనకు పేరుంది. ఆ పేరే మా అన్న కొంప ముంచింది. రెండేళ్ల కింద అన్న పొలంలో మూడు చోట్ల చూపించాడు. కామారెడ్డి నుంచి బోరు బండి తెప్పించి వేయిస్తే మూడింట్లోనూ దుమ్మే లేచింది. తప్పయిందని ఒక్క మాట అనలేదీయన. "ఇంకో యాభై ఫీట్లు పోతే పడేది, మీ అన్ననే మధ్యల ఆపిండు" అన్నాడు. అప్పటి నుంచి అన్న మా గడప తొక్కలేదు, ఫోన్ చేయలేదు. కొబ్బరికాయ వల్ల పుట్టిల్లు పోయిందని ఎవరికి చెప్పుకోను?

మొన్న ఎండాకాలం, ప్రాగ్‌లో చదువుతున్న మా బిడ్డ దగ్గరికి పోయాం. ఒకరోజు కుట్నా హోరా అనే ఊరికి తీసుకెళ్లింది. పూర్వం వెండి తవ్విన ఊరది. గనిలోకి దిగాలంటే తెల్ల అంగీ తొడుక్కోవాలి, తలకు హెల్మెట్, చేతిలో లైటు. ఆ అంగీలో మా ఆయన అచ్చం కాంపౌండర్‌లా ఉన్నాడు. నవ్వొచ్చినా ఆపుకున్నాను. ఆయనతో కలిసి నవ్వడం మానేసి రెండేళ్లయింది.

దిగేముందు ఒక పాత బొమ్మ చూపించారు. ఒక మనిషి రెండు చేతులా పంగలకర్ర పట్టుకుని గుట్ట మీద నడుస్తున్నాడు. కర్ర వంగిన చోట వెండి ఉంటుందని నమ్మేవాళ్లట. బిడ్డ ఈ మాట చెప్పిందో లేదో, మా ఆయన ఎగిరి గంతేశాడు.

"చూసినవానే? గీళ్లల్ల గూడ ఉన్నరు! మీ అన్నకు ఫొటో పంపు!"

"మెల్లగ మాట్లాడు, అందరు చూస్తున్నరు" అన్నాను. ఒళ్లు మండిపోయింది. ఇంత దూరం వచ్చినా అదే పురాణం.

గని లోపల ఇరుకు. కొన్నిచోట్ల పక్కకు తిరిగితే తప్ప మనిషి పట్టడు. ఆయన ముందు నడుస్తూ, "తడి ఉన్నది, తడి ఉన్నది" అని గోడలు తడుముతున్నాడు. గైడమ్మ ఒకచోట ఆగి లైటు కిందికి తిప్పింది. నల్లగా నీళ్లు. లోతైన గనులు నీళ్లొచ్చి మునిగిపోయాయనీ, తోడి తోడి విసిగిపోయి వదిలేశారనీ చెప్పింది.

"నీళ్లొచ్చినయని బంద్ పెట్టిండ్రా?" అని మా ఆయన బిడ్డను రెండుసార్లు అడిగాడు. తర్వాత గోడలు తడమడం మానేశాడు.

పైకొచ్చి హోటల్లో కూర్చున్నాం. పుట్టగొడుగులు, ఆలుగడ్డలు, సోంపు వాసనొచ్చే సోయికూర వేసిన తెల్లటి పుల్లచారు తెచ్చారు, అందులో ఒక గుడ్డు. ప్రాణం లేచొచ్చింది. వెనకే ఎల్లిగడ్డ దట్టించిన ఆలుగడ్డ అట్లు, అంచులు కరకరలాడుతూ. నేను మూడు తిన్నాను. ఆయన తుంచుతాడు, ప్లేట్లో పెట్టేస్తాడు. నా ఓపిక అయిపోయింది.

"తింటే తిను, లేకుంటే ఇటియ్యి. మళ్ల ఏమైంది?"

ఆయన ప్లేటు నా వైపు జరిపాడు. ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి మా అన్నకు కలిపాడు. బొమ్మ సంగతి చెప్పి గెలుద్దామనుకుంటున్నాడని లాక్కోబోయాను. చేయి పక్కకు జరిపాడు.

"బావా, నేనే. పెట్టెయ్యకు. యాభై ఫీట్ల ముచ్చట ఉత్తదే. నాకు తెల్వకనే చూపిచ్చిన. తప్పు నాదే."

పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూశారు. ఈసారి మెల్లగా మాట్లాడమనలేదు నేను.

"యాడున్నరు?" అన్నాడు అన్న.

"వెండి గనికి వచ్చినం బావా. ఈళ్లకు వద్దంటె వచ్చినయట నీళ్లు. మొక్కి తవ్విచ్చినా నీకు రాకపాయె."

అన్న వెంటనే అందుకున్నాడు.

"గా నీళ్లు ఎన్ని ఫీట్లల పడ్డయి బావా?"

ఇద్దరి మీదా ఎంత కోపమొచ్చిందో! రెండేళ్లు నన్ను ఏడిపించి, అడిగే మాట ఇదా? నాలుగు దులిపేద్దామని ఫోన్ లాక్కున్నాను. "అన్నా" అన్నాను. ఆ తర్వాత నోట్లోంచి వచ్చింది "తిన్నవా?" ఒక్కటే.