పదమూడో రోజు

తొంభైల్లో తెనాలిలో పళ్ల డాక్టరుగా నాకు కాస్త పేరుండేది. పేరుకు మించిన గీర ఉండేది. మద్రాసు వెళ్లి కొత్త ఆపరేషన్ ఒకటి నేర్చుకొచ్చాక, అది చెయ్యడానికి తగిన నోరు దొరక్క చేతులు దురదపెట్టాయి.

పై దవడ పళ్ల పైన, ముక్కు పక్కగా గాలి గది ఒకటుంటుంది. ఎముక అరిగిపోయిన చోట, కొత్త పన్నుకు వేరులా బిగించే ఇంప్లాంట్ నిలబడాలంటే, దవడకు చిన్న కిటికీ కోసి, ఆ గది అడుగు పొరను పైకెత్తి, కింద ఎముక పొడి కూరాలి. పొర కోడిగుడ్డు లోపలి పొరంత పల్చన. మేం నేర్చుకున్నదీ గుడ్ల మీదే.

రేపల్లె నుంచి ఒక సన్నాయి విద్వాంసుడు వచ్చాడు. యాభై దాటిన మనిషి. పై దవడ పన్ను పోయిందని, తీసి పెట్టుకునే పన్ను చాలన్నాడు. నేనే ఇంప్లాంట్ అంటూ ఊదరగొట్టాను. మళ్లీ సన్నాయి ఎప్పుడు పట్టొచ్చని మాత్రం అడిగాడు. నిజానికి ఊదే ఒత్తిడిని ఆ పొర తట్టుకోవాలంటే నెలలు ఆగాలి. ఆ మాటంటే లేచి వెళ్లిపోతాడని నాకు తెలుసు. రెండు వారాలన్నాను.

ఆపరేషన్‌లో పొర చిరిగింది. గోరంత చిరుగు. అక్కడితో ఆపేసి, మానాక చూద్దామనాల్సింది. దాని మీద అతుకు పెట్టి ఇంప్లాంట్ బిగించేశాను. అది కదలకుండా నిలబడగానే మురిసిపోయాను. అంతా బాగా జరిగిందని ఆయనకు చెప్పాను.

పదిహేనో రోజున ఆయన వాచిన మొహంతో వచ్చాడు. పుక్కిలిస్తే నీళ్లు ముక్కులోంచి వస్తున్నాయి. ఇంప్లాంట్ వదులైపోయింది. నేను ఏమీ అనకముందే తలదించుకున్నాడు.

"పదమూడో రోజే ఊదానండి. వాయిస్తానని తాంబూలం పుచ్చుకున్న పెళ్లి, కాదనలేకపోయాను. తప్పు నాదేనండి."

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు.

"ఒక్క రోజు ఆగలేకపోయారా బాబాయ్?" అన్నాను.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఇంప్లాంట్ తీసేశాను. కన్నం పూడింది గానీ, గట్టిగా ఊదితే చెంపలో పోటు పోలేదు. సన్నాయి తమ్ముడికిచ్చి ఆయన తాళాలు పట్టుకున్నాడు. నాలుగేళ్ల తర్వాత బాపట్లలో ఒక పెళ్లిలో నన్ను చూసి, మేళం ఆగగానే ఆ తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

"వీడికీ పన్ను పోయిందండి. మీ చేత్తోనే కట్టండి. ఈసారి రోజులు నేను లెక్కపెడతాను, ఒక్కటి కూడా తప్పనివ్వను."

చూద్దాం బాబాయ్ అన్నాను. అప్పుడూ చెప్పలేదు.