మా ప్లాటులో వయ్యారిభామ

తార్నాకలో మా ఇంటి వెనక వీధిలో నాకో ఖాళీ ప్లాటుంది. మా ఆయన పోయాక దాని మొహం చూడలేదు. పోయిన వానాకాలం అందులో వయ్యారిభామ నడుమెత్తు పెరిగి తెల్లగా పూసింది. ఆ పుప్పొడికి పక్కింటి పెద్దాయనకు ఆయాసం పట్టుకుంది. ఆయన నాతో ఒక్క మాటైనా అనకుండా ఫోటో తీసి మున్సిపాలిటీ యాప్‌లో పెట్టేశాడు.

నాకు నోటీసొచ్చింది. యూనివర్సిటీలో ఇరవై ఏళ్లుగా మొక్కల పాఠాలు చెబుతున్నదాన్ని. ఏటా పిల్లల్ని వెంటేసుకుని క్యాంపస్‌లో ఇదే మొక్కను చూపించి, గ్లౌజులు లేకుండా ముట్టుకుంటే చర్మం పాడవుతుందని అరిచేదాన్ని. నాకే నోటీసు! ఒళ్లు మండిపోయింది. నా తప్పు కనిపించలేదు, ఆయన మర్యాద తెలియనితనమే కనిపించింది. గురివింద గింజ సామెత ఊరికే పుట్టలేదు.

"ప్రైవేటు జాగ మేడం, మేం ముట్టం. మీరే సాఫ్ చేయించుకోవాలె" అన్నాడు నోటీసు తెచ్చినాయన. డిపార్ట్‌మెంటులో ఎవరికీ తెలియక ముందే పీకించెయ్యాలి. నా దిగులంతా అదే.

వారాసిగూడలో ఉండే ఒకావిడ సాయంత్రాలు మా సందు మొదట్లో జొన్నరొట్టెలు చేసి అమ్మేది. ఆ రొట్టెలే ఆమెకు బతుకు. పొద్దుటిపూట ఖాళీయే కదా అని అడిగాను. "చిన్నప్పటి సంది కలుపు తీసిన చేతులే మేడం, నాకిదేం కొత్తగాదు" అని నవ్వుకుంటూ వచ్చింది. గ్లౌజుల సంగతి నాకు గుర్తు రాకపోలేదు. వచ్చింది. దుకాణం దాకా పోవడానికి బద్ధకించాను, అంతే.

అది ఒకసారి పీకితే పోయే గడ్డి కాదు. వాన పడ్డప్పుడల్లా మళ్లీ మొలిచింది. మూడుసార్లు పిలిచాను. మూడుసార్లూ ఆమె వట్టి చేతులతోనే పీకింది. రెండోసారే చెప్పింది, "చేతులు ఒక్కతీరుగ దురద పెడుతున్నయ్ మేడం" అని. "కొబ్బరినూనె రాసుకోమ్మా" అన్నాను. ఛీ, నా చదువు తగలెయ్య!

ఆ తరవాత ఒక సాయంత్రం డిపార్ట్‌మెంటులో నాతో పనిచేసే ఆవిడా నేనూ రొట్టెలకని ఆగాం. పిండి తడుతున్న ఆ చేతులు మోచేతుల దాకా నల్లబడి, పొలుసులు లేచి ఉన్నాయి. మాకు ముందు నిలబడ్డాయన వెనక్కి జరిగాడు.

"ఏంది గా చేతులు? అంటుకుంటదా ఏంది?"

"అంటుకునే రోగం గాదన్నా, గడ్డి పీకితే అయింది. గీ మేడంను అడుగు, మొక్కల సంగతంత ఆమెకెరుకే" అంది. నన్ను చూసి ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టుంది.

ఒక్క మాట చాలు. అంటుకోదయ్యా, నా ప్లాటులో గడ్డి పీకితే ఇలా అయింది, తప్పు నాది అంటే సరిపోయేది. పక్కన మా డిపార్ట్‌మెంటావిడ నా మొహంలోకే చూస్తోంది. తేలు కుట్టిన దొంగకు నోరెక్కడిది!

"డాక్టరుకు చూపించుకోమ్మా" అన్నాను, ఆమె ఎవరో నేనెరగనట్టు.

ఆయన వెళ్లిపోయాడు. వెనకున్న ఇద్దరూ వెళ్లిపోయారు. "పదండి, ఇంకోచోట తీసుకుందాం" అని మా డిపార్ట్‌మెంటావిడ కూడా ముందుకు నడిచింది. పెనం మీద ఒక రొట్టె మిగిలిపోయింది. రొట్టెలామె దాన్ని తీసి, కాగితంలో చుట్టి, నా చేతిలో పెట్టింది.

"మీరన్న తినుండ్రి మేడం. మీకెరుకే గద."

ఆ సందులో ఆమె చేసిన ఆఖరి రొట్టె అదే. అది అంటుకునే జబ్బు కాదని రొట్టెలకొచ్చినవాళ్లలో ఖాయంగా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఇంటికి తెచ్చాను. తినలేదు, చెత్తబుట్టలో పడేశాను.