హజరత్తయ్య పై పన్ను

అల్లూరు దాటి సముద్రం వైపు పోతే రెండు పక్కలా రొయ్యల గుంటలే. ఆ గుంటల మీద పనిచేసేవాళ్ళు వందలమంది. చెక్‌ట్రే చూడడంలో మాత్రం హజరత్తయ్యను మించినవాడు లేడని చుట్టుపక్కల పదూళ్ళూ ఒప్పుకునేవి. చెక్‌ట్రే అంటే మరేం కాదు, తాడు కట్టి నీళ్ళలోకి దించే వల పళ్ళెం. అందులో గుప్పెడు మేత వేసి దించుతారు. కాసేపాగి పైకి లాగి చూస్తే మేత మిగిలిందా లేదా, రొయ్య కడుపు నిండిందా, ఒంటి రంగు మారిందా, అన్నీ తెలిసిపోతాయి. అందరికీ తెలుస్తాయనుకునేరు! దానికి కన్నుండాలి.

హజరత్తయ్యకు ఆ కన్నుంది. రొయ్య తల పెంకు మీద ఆవగింజలో సగమంత తెల్లమచ్చ కనిపించిందంటే ఆ గుంటకు మూడినట్టే. మిగతావాళ్ళకు ఆ సంగతి రొయ్యలు చచ్చి కట్టకు కొట్టుకొచ్చాక గానీ తెలియదు. హజరత్తయ్య మొదటి రోజే రొయ్యను ఎండకెత్తి పట్టుకుని, "అయ్యా, ఇంక నానబెట్టబాకండి. రేపే పట్టేయండి, లేకపోతే పక్క గుంటకు కూడా పాకుద్ది" అనేవాడు. గుంటల ఆసామి హరినాథ్ మారుమాట లేకుండా పట్టుబడికి, అంటే గుంటలో రొయ్యలన్నీ వలేసి తీసేయడానికి, మనుషుల్ని పిలిపించేవాడు. వయసులో చిన్నవాడైనా ఆయనకు హజరత్తయ్య మాట మీద అంత గురి.

అంత కన్నున్న మనిషి తన నోట్లో ఏం జరుగుతోందో చూసుకోలేదు. నోట్లోకి ఎవరు చూసుకుంటారు లెండి! అద్దం ముందు నిలబడితే మీసం దువ్వుకుంటాం, నెరిసిన వెంట్రుకలు లెక్కపెట్టుకుంటాం, అంతటితో సరి.

పైగా ఆయన భయమంతా కంటి మీదే. ఆ భయం ఎక్కడినుంచో ఊడిపడలేదు, ఇంట్లోనే అరుగు మీద కూర్చుని ఉండేది. ఆయన అక్క చెంచులక్ష్మికి రెండు కళ్ళూ లేవు.

తల్లి పోయాక హజరత్తయ్యను చంకనేసుకుని పెంచింది చెంచులక్ష్మే. మొగుడు పోయాక తమ్ముడి ఇంటికే వచ్చేసింది. ఎనిమిదేళ్ళ కిందట ఆమెకు పై పన్ను ఒకటి సలుపు పెడితే నెల్లూరు తీసుకెళ్ళి పీకించారు. ఆరు నెలలు తిరక్కుండానే చూపు మందగించింది. ఏడాదికల్లా రెండు కళ్ళూ చీకటైపోయాయి. ఊరు ఊరంతా ఒకటే మాట: "పై పన్ను పీకిస్తే కన్ను పోద్దని పెద్దోళ్ళు ఊరికే అన్నారా? కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడింది!"

పన్ను పీకకముందు ఆ డాక్టరు రక్తం పరీక్ష చేయించి, చక్కెర జబ్బు ఉందనీ, జీవితాంతం మాత్రలు వాడాలనీ చెప్పాడు. ఆమె ఒక నెల వాడింది. ఒంట్లో బాగానే ఉంది కదా అని మానేసింది. పన్ను పీకించిన సంగతి ఊరందరికీ గుర్తుంది. మాత్రలు మానేసిన సంగతి ఆమెకే గుర్తు లేదు.

రోజూ పొద్దున్నే హజరత్తయ్య అక్క చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టి, టీ గ్లాసు చేతికందించి, ఆ తర్వాతే గుంటల మీదికి వెళ్ళేవాడు. ఆమె కూడా పోతున్నవాణ్ణి ఆపి మరీ చెప్పేది. "రేయ్ అబ్బయా, నువ్వేం చేసినా చెయ్యి గానీ, పై పన్ను మాత్రం పీకించుకోబాక. నాకు పట్టిన గతి నీకు పట్టకూడదు."

నాలుగేళ్ళ కిందట ఊళ్ళో నర్సమ్మ వేలు గుచ్చి చూస్తే హజరత్తయ్యకు కూడా చక్కెర ఉందని తేలింది. మాత్రలు ఇచ్చారు. నీరసం అనిపించినప్పుడు వేసుకునేవాడు, లేనప్పుడు గూట్లో పెట్టేవాడు. తలనొప్పి మాత్రకూ దీనికీ తేడా ఏముందనుకున్నాడో ఏమో!

ఆ తర్వాత కొన్నాళ్ళకు వేపపుల్ల వేసుకుని ఉమ్మితే ఎర్రగా పడింది. మర్నాడూ అంతే. రక్తం వచ్చే చోట గెలికితే పుండు పెద్దదవుతుందని ఎవరికి తెలియదు? కాలికి గాయమైతే కెలకం కదా. హజరత్తయ్య పుల్ల మానేశాడు. కొన్నాళ్ళు వేలితో ఉప్పు రుద్దాడు. మండుతోందని అదీ మానేసి నీళ్ళు పుక్కిలించి ఊరుకున్నాడు. రక్తం ఆగినట్టే అనిపించింది, నయమైపోయిందనుకున్నాడు. పంటి చిగురు దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుందనీ, రక్తం వస్తోందంటేనే అక్కడ ఇంకా శ్రద్ధగా తోమాలనీ ఆయనకు చెప్పినవాళ్ళు లేరు. పాచి పేరుకుపోయి గార కట్టింది. చిగుళ్ళు ఉబ్బి, పళ్ళను వదిలి పైకి జారాయి. పై వరసలో ముందు రెండు పళ్ళు నాలుకతో తోస్తే కదలడం మొదలుపెట్టాయి.

నోటి వాసనకు భార్య ఆదిశేషమ్మ మొహం పక్కకు తిప్పుకునే మాట్లాడేది. చేపల పులుసంటే ప్రాణం పెట్టే మనిషి ముల్లు గుచ్చుకుంటుందని చేపే మానేశాడు. నమలడం కష్టమై, పొద్దునా సాయంత్రం చక్కెర టీలో బన్ను ముంచుకుని తినడం మొదలుపెట్టాడు. మెత్తగా గొంతులోకి జారిపోయేది. పన్ను నొప్పికి బన్ను, బన్నుకు చక్కెర, చక్కెరకు మళ్ళీ పన్ను నొప్పి. గానుగెద్దు తిరిగినట్టు తిరిగాడు ఆ మనిషి, రెండేళ్ళు.

చివరికి ఒకనాడు చిగుట్లోంచి చీము కారి దవడ బూరెలా వాస్తే, ఆదిశేషమ్మ ఇక ఊరుకోలేదు. మొగుణ్ణి బస్సెక్కించి కావలి తీసుకెళ్ళింది.

అక్కడ పళ్ళ డాక్టరు సబీనా అనే అమ్మాయి. వయసు ముప్పై కూడా ఉండదు. ఓపిగ్గా నోరంతా చూసింది. చక్కెర పరీక్ష చేయించింది. కాగితం చూసి నిట్టూర్చింది.

"పెద్దాయనా, చక్కెర మూడు వందలు దాటింది. చక్కెర ఎక్కువుంటే చిగుళ్ళు కుళ్ళిపోతాయి. చిగుళ్ళలో చీముంటే ఎన్ని మాత్రలు మింగినా చక్కెర సరిగ్గా దిగదు. రెండూ కూడబలుక్కుని నిన్ను తింటున్నాయి. ముందు చక్కెర తగ్గించాలి. మాత్ర ఒక్కరోజు కూడా మానకూడదు. నేను గార తీసి చిగుళ్ళ లోపల శుభ్రం చేస్తాను. మెత్తటి బ్రష్షుతో పొద్దునా రాత్రీ తోముకో. రక్తం వచ్చినా ఆపొద్దు, పది రోజుల్లో అదే తగ్గుతుంది."

"అట్టాగేనమ్మా," అన్నాడు హజరత్తయ్య బుద్ధిగా.

"చక్కెర దిగాక ఈ పై పళ్ళు రెండూ తీసేద్దాం. వాటిని పట్టి ఉంచే ఎముకే లేదు, చీముకు అవే పుట్ట."

కుర్చీలో వెనక్కి వాలి ఉన్నవాడు దిగ్గున లేచి కూర్చున్నాడు. "పై పళ్ళా? వద్దమ్మా. కింద ఎన్నైనా పీక్కో. పైవి ముట్టుకోబాక."

"ఎందుకు?"

"కన్ను పోద్ది."

సబీనా నవ్వలేదు. ఆ మాట రోజుకు ముగ్గురి నోట వింటుంది ఆ పిల్ల. "పై పన్నుకూ కంటికీ ఏ సంబంధమూ లేదు పెద్దాయనా. ఎవరు చెప్పారు నీకు?"

"ఒకరు చెప్పేదేంది? మా అక్కకు పోయింది. నేను కళ్ళారా చూసినా."

"మీ అక్కకు చక్కెర ఉందా?"

"ఉండాదంట."

"మరి అదే కదా! కళ్ళు పోగొట్టింది చక్కెర. నీకూ అదే ఉంది. నువ్వు భయపడాల్సింది నా పట్టకారును చూసి కాదు."

మంచి మాటే. చెవిటివాడి ముందు శంఖమూదినట్టయింది. హజరత్తయ్య అప్పటికే చెప్పుల్లో కాళ్ళు దూర్చేశాడు.

బస్టాండులో ఆదిశేషమ్మ కడిగి పారేసింది. "ఏమయ్యా, గుంటలో ఒక్క రొయ్యకు మచ్చొస్తే గుంటంతా పట్టేయమని హరినాథయ్యకు చెప్తావే, పక్క గుంటకు పాకుద్దంటావే! నీ నోట్లో చీము కారతా ఉంటే రెండు పళ్ళు తీపించుకోను భయమా? రొయ్యకున్న విలువ నీ ఒంటికి లేదా?"

"నా కన్నే నా కూడు మే," అన్నాడాయన. "పళ్ళు లేకపోతే గంజి తాగి బతకొచ్చు. కన్ను లేకపోతే మా అక్క చెయ్యెవడు పట్టుకుంటాడు? నా చెయ్యెవడు పట్టుకుంటాడు?"

ఆమెకు ఏడుపొచ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని బస్సెక్కింది.

కావలిలో కొన్న బ్రష్షుతో రెండు రోజులు తోమాడు. రక్తం చూసి మూడో రోజు గూట్లో పడేశాడు, మాత్రల పక్కనే. చెంచులక్ష్మి మాత్రం తమ్ముడు తన మాట నిలబెట్టినందుకు పొంగిపోయింది. దవడ వాచినప్పుడల్లా ఉప్పు మూట వేడి చేయించుకుని, తడుముకుంటూ అతని బుగ్గకు తనే కాపు పెట్టేది. "ఓర్చుకో నాయనా. నొప్పి ఇయ్యాల ఉంటది, రేపు పోద్ది. కన్ను పోతే రాదు," అనేది. ఆమె ప్రేమకు వంక పెట్టడానికి లేదు. ఆ వేడికి చీము కాస్త బయటికి కారి నొప్పి తగ్గేది. తగ్గింది కదా అని మళ్ళీ మూడు నెలలు గడిచేవి. అట్లా ఇంకో ఏడాది గడిచింది.

ఆ చలికాలం హజరత్తయ్య కుడి కంట్లో నల్లటి దారాలు తేలడం మొదలయ్యాయి. కట్ట మీద నిలబడి నీళ్ళకేసి చూస్తే ఆ దారాలు కూడా నీళ్ళలో ఈదినట్టుండేవి. ఎడమ కంటికి అన్నీ మంచు పట్టినట్టే. నిద్ర చాలక అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. పై పళ్ళు రెండూ నోట్లో ఉన్నాయి కాబట్టి కంటికి ఢోకా లేదని నమ్మకం. ఎంత నమ్మకమంటే, భయమేసినప్పుడల్లా నాలుకతో ఆ రెండు పళ్ళూ తడిమి చూసుకునేవాడు. ఉన్నాయి. అమ్మయ్య!

ఒక మంగళవారం చెక్‌ట్రే లాగాడు. రొయ్యను ఎండకెత్తి పట్టుకున్నాడు. తిప్పి చూశాడు. "బాగుండాయయ్యా, ఏం భయం లేదు," అని హరినాథ్‌కు చెప్పాడు. శుక్రవారం పొద్దునకల్లా కట్ట పొడుగునా ఎర్రబారిన రొయ్యలు కుప్పలుగా చచ్చి తేలాయి. శనివారానికి పక్క రెండు గుంటలూ పోయాయి.

హరినాథ్ కేకలు వేయలేదు. వంగి ఒక రొయ్యను తీసి హజరత్తయ్య మొహం ముందు పెట్టాడు. తల పెంకు నిండా తెల్లమచ్చలు, ముగ్గు చల్లినట్టు.

"హజరత్తన్నా, ఇవి కనపళ్ళేదా నీకు?"

హజరత్తయ్య కళ్ళు చిట్లించి, మెడ ముందుకు చాచి చూశాడు.

"ఏవయ్యా?" అన్నాడు.

హరినాథ్ చేతిలో రొయ్య కింద పడేసి ఆయన మొహంలోకి అట్లాగే చూస్తూ ఉండిపోయాడు. కోపమంతా ఏమైపోయిందో. కారు తీయించి తనే నెల్లూరు కంటి ఆసుపత్రికి పంపించాడు.

అక్కడ పరీక్షలన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. కుడి కంటి లోపల రక్తం కారి, కంటి వెనక తెర ఊడిపోయింది, ఆ చూపు ఇక రాదన్నారు. ఎడమ కంటికి లేజరు పెట్టి ఉన్నదాన్ని నిలబెట్టడానికి చూస్తామన్నారు. చక్కెర నాలుగు వందలకు చేరువలో ఉంది. ఏళ్ళ తరబడి అదే కంటి నరాలను తినేసిందన్నారు. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఉన్నా ఆ డాక్టరు ఒక్క క్షణం వెనక్కి జరిగి, "ఈ నోరు ఎన్నాళ్ళుగా ఇట్లా ఉందమ్మా?" అని ఆదిశేషమ్మను అడిగాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. చేతులు కాలాక ఇక ఆకులెందుకు?

హజరత్తయ్య గుంటల మీదికి పోవడం మానేశాడు. మానేశాడంటే, పోయి ఏం చేస్తాడు? ఎడమ కంటితో మనిషి వచ్చాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు. అరుగు మీద అక్క పక్కనే కూర్చునేవాడు. ఆదిశేషమ్మ ఇద్దరికీ టీ గ్లాసులు చేతికందించి, రొయ్యలు ఒలిచే షెడ్డులో పనికి పోయేది.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ అన్నాలకు కూర్చున్నారు. మెత్తగా ఉడికిన అన్నం, పప్పు. హజరత్తయ్య రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నాడో లేదో, గట్టిగా ఏదో తగిలింది. అరచేతిలోకి ఉమ్మాడు.

"ఏం మే, బియ్యం ఏరలేదా? ఇంత రాయి వచ్చింది చూడు!"

ఆదిశేషమ్మ చూసింది. గరిటె చేతిలోనే ఉండిపోయింది.

"ఏం రాయిరా? ఇట్టా ఇయ్యి," అని చెంచులక్ష్మి చెయ్యి చాచింది. అతను ఆ చేతిలో పెట్టాడు. ఆమె రెండు వేళ్ళ మధ్య దాన్ని తిప్పింది. మొన తడిమింది. మొదలు దగ్గర పెచ్చు కట్టిన గార మీద బొటనవేలు ఆగింది.

"ఇది రాయి కాదురా," అంది మెల్లగా. "పన్ను. పైదా, కిందిదా?"

అతను నాలుకతో వెతుక్కున్నాడు. ఇన్నేళ్ళుగా తడుముకున్న చోట ఖాళీగా ఉంది.

"పైదే అక్కా. దానంతటదే ఊడొచ్చింది."

చెంచులక్ష్మి ఆ పన్నును వేళ్ళ మధ్య ఇంకా తిప్పుతూనే ఉంది. అన్నం మీద ఈగలు వాలుతున్నాయి. తర్వాత అడిగింది, "నీ కన్ను పోయి ఎన్నాళ్ళయింది?"

"తెలిసి తెలిసి అడుగుతావేందక్కా? రెండు నెల్లు దాటలా?"

"అప్పుడు ఈ పన్ను నీ నోట్లోనే ఉండిందా?"

"ఉండింది."

"రెండూ ఉండినాయా?"

"రెండూ ఉండినాయక్కా."

ఆమె గుప్పిట మూసుకుంది. "అయితే పన్ను కాదు గదరా... నాకూ పన్ను వల్ల కాదు. ఇన్నేళ్ళు నీ చెవిలో పోరి పోరి చెప్పినా. నేనే చెప్పినా. నిన్ను చంకనేసుకుని పెంచి, నేనే నీ కన్ను పీకేసినా గదరా నాయనా!"

పన్ను పట్టుకున్న ఆ గుప్పిటతోనే తన నోటి మీద టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆదిశేషమ్మ "వదినా, వదినా" అంటూ కంచాలు దాటుకుని వచ్చింది. హజరత్తయ్య అంతకంటే ముందే అక్క చెయ్యి ఆపాలని తన చెయ్యి చాచాడు. చాచిన చోట ఆ చెయ్యి లేదు.