ఓడ వచ్చిన రోజు మా మంచం

అమ్మానాన్నా పోయాక నన్నూ చెల్లినీ సర్కారు తీసుకుంది. పిల్లల హోంలో చోటు లేదని, మా దీవిలోనే లంబాలైన్‌లో ఒక ఇంటి వెనకగది అద్దెకు తీసుకుని మమ్మల్ని అక్కడ ఉంచారు. దిగబెట్టడానికి వచ్చిన ఆఫీసు మనిషి మా ముందే ఇంటావిడతో చెప్పాడు: "పిల్లకో మంచం. అద్దె ఇస్తున్నది దానికే."

ఆ మాట నేను మర్చిపోలేదు. ఇంటావిడ ఆ వారమే మర్చిపోయింది.

అప్పట్లో ఉద్యోగాలకని మా దీవికి వచ్చి ఓడ దిగినవాళ్ళు సర్కారు క్వార్టర్ దొరికేదాకా ఎవరింట్లోనో అద్దెకు తలదాచుకోవడం మామూలు. హాడో జెట్టీకి ఓడ వచ్చిందంటే చాలు, మా మంచాలు వాళ్ళకు, మేము కట్టెల పాకలోకి. పాక కారేది. చెల్లికి ఉబ్బసం. తడి కట్టెల పక్కన ఊపిరాడక కూర్చునే ఉండేది. నేను వీపు రాస్తూ ఉండేదాన్ని. మా పేరు మీద వచ్చే డబ్బుతో ఆవిడ తన ఇంటికి కొత్త రేకులు వేయించుకుంది. పాకకు మాత్రం వేయించలేదు.

ఒక వానాకాలం, చెల్లి ఆయాసపడుతూ ఉండగానే మళ్ళీ ఓడ వచ్చింది.

"ఏయ్, లేవండర్రా! జహాజ్ వచ్చీసింది. చలో, పాకలోకి!"

"మేం రాం దీదీ."

"రారా? ఏటి, మహారాణులేటి మీరు?"

రెండు మంచాలూ కలిపి జరిపి, చెల్లిని గోడవైపు పడుకోబెట్టి, వాటికి అడ్డంగా కూర్చున్నాను. ట్రంకుపెట్టెలతో ఒక జంట లోపలికి వచ్చింది. చూస్తే, మమ్మల్ని దిగబెట్టిన ఆ ఆఫీసు మనిషే! సెలవు మీద వైజాగ్ వెళ్ళి, పెళ్ళి చేసుకుని వచ్చాడు. క్వార్టర్ ఇంకా చేతికి రాలేదట.

"ఈ గదికి అద్దె కట్టేది మా ఆఫీసే కదా," అన్నాడు నవ్వుతూ. "నేనుంటే తప్పేంటి?"

"ఆ అద్దె అమ్మానాన్నా లేని పిల్లలకి సార్. మీకూ లేరా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "దీని నోరు చూసేరా బాబూ!" అంటూ ఇంటావిడ నా జుట్టు పట్టుకుని లాగింది. నేను మంచం పట్టె వదల్లేదు. కొత్త పెళ్ళికూతురు చెల్లి ఎగశ్వాస చూసి, "పదండి, వరండాలో ఉందాం," అంది భర్తతో. ఆమెకు నేను కృతజ్ఞత చెప్పలేదు. మా మంచం మాకు వదలడం దానమా?

ఆ పూట మాకు అన్నం పెట్టలేదు. పెట్టకపోతే పోయింది. చెల్లి పొడిగా పడుకుని నిద్రపోయింది. ఆ తర్వాత ఎన్ని ఓడలు వచ్చినా, ఆవిడ ఎన్నిసార్లు నా జుట్టు పట్టుకున్నా, మేము మంచం దిగలేదు.