శోకం ఎక్కడ పెట్టాలి

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి వేసవిలో నన్ను పాలమూరు వైపు ఒక రేడియో కేంద్రానికి, నాటకాల విభాగం చూసే ప్రోగ్రాం ఎగ్జిక్యూటివ్‌గా బదిలీ చేశారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ మా ప్రసారం అందే జిల్లాలే. హోదా పేరు పొడుగే కానీ, స్క్రిప్టు చదవడం, దిద్దడం, ఆర్టిస్టులను పిలవడం, చివరికి నాటకంలో తలుపు చప్పుడు చేయడం దాకా అన్నీ నా పనులే. నాపైన స్టేషన్ డైరెక్టర్ గారు సంతకం చేస్తే నాటకం గాలిలోకి వెళ్లేది.

మాకొచ్చే స్క్రిప్టుల్లో ఎక్కువ భాగం ఏడుపే. పెళ్లి మొదలైతే పెళ్లికూతురు పోవాలి, బోరు వేస్తే నీళ్లు పడకూడదు. నేనూ తక్కువవాణ్ణి కాదు. నవ్వించడం నాకు చేతకాలేదు, ఏడిపించడంలో మాత్రం చెయ్యి తిరిగింది. ఆ విద్యలో ఒక లెక్క ఉంది. ఏడుపు ముందొస్తే వినేవాళ్లు వంటింట్లోకి వెళ్లిపోతారు, ఆలస్యమైతే రేడియో కట్టేస్తారు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలిసినవాడే నాటకాలవాడని నా గట్టి నమ్మకం.

ఆ రోజుల్లో గద్వాల నుంచి పద్మ అనే ఆమె అరగంట నాటకం పంపింది. నేత కుటుంబం, ఇంటర్ దాకా చదువు. కథలో ఒక నేతకారుడు పట్నం దవాఖానలో చనిపోతాడు. భార్య ఒక్కతే శవాన్ని బండిలో తెస్తుంది. దారిలో కొత్తకోట దగ్గర డ్రైవర్ చాయ్ తాగడానికి దిగితే, మూసిన బండిలో భర్త పక్కన కూర్చుని గుండె పగిలేలా ఏడుస్తుంది. ఇంటి ముందు శవాన్ని దించేసరికి ఆమె కళ్లు ఎండిపోయి ఉంటాయి. వాడకట్టు ఆడవాళ్లంతా శోకాలు పెడుతుంటే ఆమె నోట మాట రాదు. అంతే, నాటకం అయిపోయింది.

రాత నాకు బాగా నచ్చింది. ముగింపు చూసి మాత్రం ఒళ్లు మండింది. ఆ ప్రాంతంలో శోకం పెట్టడమంటే ఊరికే ఏడవడం కాదు. ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని, పోయినవాళ్ల గుణాలు ఒక్కొక్కటిగా రాగం తీసి చెప్పుకుంటారు. రేడియోకు అంతకంటే ఏం కావాలి? దాన్ని వదిలేసి, ఎదురు గొంతు లేని ఒంటరి ఏడుపును బండిలో పెట్టింది. ఒక్క గొంతు ఏడుపు మైకు ముందు నిలవదు. డైరెక్టర్ గారు కూడా చదివి, ఇంటి ముందు భార్య ఏడవకపోతే అదేం నాటకమయ్యా అన్నారు.

మామూలుగా అయితే అభిప్రాయం రాసి స్క్రిప్టు తిప్పి పంపాలి. మంచి రాత చేజారుతుందని నేనే బస్సెక్కాను. కొత్తకోటలో బస్సు మారి, కృష్ణ దాటి గద్వాల చేరడం ఆ ఉద్యోగంలో నాకు ఇష్టమైన ప్రయాణం. ఇప్పుడు కారులో వెళ్లినా ఆ కిటికీ పక్క సీటు సుఖం రావడం లేదు.

పద్మ ఇంట్లో గుంట మగ్గం మీద చీర నడుస్తోంది. అంచూ నడుమూ వేరువేరు నాడెలతో నేస్తూ కలిపే చీర కాబట్టి ఇద్దరు కూర్చోవాలి. ఒక వైపు పద్మ, రెండో వైపు ఆమె అత్త లక్ష్మమ్మ. నాడె పోగును మోసుకుంటూ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోతోంది కానీ ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. పనిలో మునిగారనుకున్నాను.

అసలు సంగతి నాకు ఆ సాయంత్రం పద్మే బస్టాండు దగ్గర చెప్పింది, ఇక్కడే చెప్పడం న్యాయం. రెండేళ్ల కింద ఆమె భర్త పోయాడు. శవం ఇంటికొచ్చిన రోజు ఆమె శోకం పెట్టలేదు. మొగుడు పోతే ఒక్క చుక్క రాల్చలేదని వాడకట్టంతా నోరు నొక్కుకుంది. కొడుకును పోగొట్టుకున్న అత్త ఆనాటి నుంచి కోడలితో మాట్లాడటం మానేసింది. కడుపు కోసం ఒకే మగ్గం మీద కూర్చుంటారు, అంతవరకే.

ఇదేదీ తెలియక నేను స్క్రిప్టు తీసి, గడియారం పెట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టాను. నాటకం నిడివి తేలేది అలాగే. బండి సీను అవగానే ఆపి, ఈ ఏడుపును ఇంటి ముందుకు మార్చమ్మా, లోకం ఏడ్చేది అక్కడే కదా అన్నాను.

"ఆడ ఆమె ఏడ్వదు సార్," అంది పద్మ.

కథే కదమ్మా, ఏడిస్తే ఏం పోతుంది, శోకం లేని చావు నాటకం ఉప్పులేని పప్పు అని నా పాండిత్యం చూపించాను.

"ఉన్న ఏడ్పంత బండ్లనే ఏడ్సింది సార్. ఇంటి కాడికొచ్చేసరికి ఆమె తాన ఏం మిగల్లే. గట్ల మార్సేదుంటే నా నాటకం నాకు వాపసియ్యుండ్రి."

నాకూ పట్టుదల పెరిగింది. జవాబు చెప్పబోతుంటే మగ్గం చప్పుడు ఆగింది. లక్ష్మమ్మ నాడె కింద పెట్టి, కోడలి మొహంలోకి చూస్తోంది.

"ఏ ఊరి కాడ?" అంది.

రెండేళ్లుగా పద్మతో పలకని గొంతు అది.

"కొత్తకోట కాడ, అత్తా."

"ఎవలన్న పట్టుకున్నరా నిన్ను?"

"ఎవలున్నరత్తా? డ్రైవర్ చాయ్ తాగనీకి పోయిండు. నేను, మీ కొడుకు, గంతే."

"ఒక్కదానివే ఏడ్సినవా బిడ్డా! నాకు తెల్వకపాయె కదనే!"

ఆ ముసలామె పోగులు దాటుకుని ఎలా వచ్చిందో నాకు తెలియదు. కోడలి మెడ పట్టుకుని శోకం ఎత్తుకుంది. పద్మ అందుకుంది. కొడుకా అని ఒకరు, పెనిమిటీ అని ఒకరు పిలుస్తుంటే నేను చెప్పులు వేసుకుని వాకిట్లోకి వచ్చేశాను. నాకూ కళ్లు నిండాయి. సంచిలో రికార్డర్ ఉంది, తీయలేదు. తీయనందుకు ఈనాటికీ చింత లేదు.

ఆ గొంతులు విని పక్కిళ్ల ఆడవాళ్లు కొంగులు దోపుకుని ఉరికొచ్చారు. ఎవరు పోయారని నన్ను నిలదీశారు. ఏం చెప్పను? ఎవ్వరూ పోలేదమ్మా, నాటకం చదువుకుంటున్నాం అన్నాను.

"నాటకానికి గింత ఏడ్పా సారూ!" అని ఒకామె నన్ను ఎగాదిగా చూసి లోపలికి పోయింది. కాసేపటికి ఆమె గొంతూ లోపలి శోకంలో కలిసింది.

నాటకాన్ని పద్మ రాసినట్టే ప్రసారం చేశాం. డైరెక్టర్ గారిని ఒప్పించడానికి రెండు రోజులు ఆయన గది చుట్టూ తిరిగాను. బండి సీనులో ఆర్టిస్టు గొంతు ఒక్కటే ఉంచాం, వెనక లారీల హారన్లు తప్ప ఏమీ పెట్టలేదు. అది మైకు ముందు బాగానే నిలిచింది.

రిటైరయ్యేదాకా ఇంకెన్నో విషాద నాటకాలు నా చేతి మీదుగా వెళ్లాయి. భాష దిద్దాను, నిడివి కోశాను, పాత్రలను తగ్గించాను. ఏడుపును మాత్రం రాసినవాళ్లు పెట్టిన చోటు నుంచి జరపలేదు. అది ఎక్కడ రావాలో వాళ్లకు తెలుసు. అక్కడ అది సరిగ్గా వినబడేలా చూడటమే నా ఉద్యోగమని గద్వాలలో నేర్చుకున్నాను.