అభ్యంతరం చెప్పిన పెళ్లికొడుకు

నా పెళ్లికి నేనే అభ్యంతరం చెప్పానని గుడివాడ పక్కన మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అబద్ధం. నేను గాలి కోసం లేచాను.

మా చర్చిలో పెళ్లికి ముందు వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చదివేవారు. "ఎవరికైనా అభ్యంతరముంటే లేచి చెప్పండి" అని పాస్టరుగారు కాసేపు ఆగేవారు. ఆ కాసేపే నా ప్రాణం తీసింది. పంతొమ్మిదివందల యాభైల చివర్లో మాట. రైసుమిల్లులో బస్తాలు మోస్తే అదరని గుండె, మొదటి ఆదివారం ఆ నిశ్శబ్దానికి దడదడలాడింది. చేతులు చల్లబడ్డాయి. చచ్చిపోతున్నాననుకున్నాను. పిరికివాడంటారని ఎవరికీ చెప్పలేదు.

రెండో ఆదివారం పిల్ల తండ్రి దివిసీమ నుంచి వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. పాస్టరుగారు అడిగారు, ఆగారు. నాకు ఊపిరందలేదు. లేచాను.

"ఓరి దేవుడో!" అంది ఆడవాళ్ల వైపు నుంచి ఓ గొంతు.

"ఏం బాబూ, నీకేనా అభ్యంతరం?" అన్నారు పాస్టరుగారు, కళ్లద్దాలు పైకి తోసుకుని.

తలుపు వైపు పరుగెత్తాను.

సాయంత్రానికల్లా నాకు బంటుమిల్లిలో ఇంకో పెళ్లాం ఉన్నట్టు తేలింది. ఇద్దరు పిల్లల్ని కూడా ఇచ్చారు మా ఊరివాళ్లు. ఆ మాట తలుచుకుంటే ఈ వయసులోనూ ఒళ్లు మండుతుంది.

పిల్ల తండ్రి మా అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు. "మా అమ్మాయి నచ్చలేదా బాబూ? ఉన్నమాట చెప్పు, సంబంధం వదిలేసుకుంటాం."

"నచ్చకపోవడం కాదు మావయ్యా. గుండె ఆగిపోయేట్టుందండీ."

"అయితే పద బందరు. గుండె ఆగిపోయేవాడికి పిల్లనెలా ఇస్తాను?"

బందరులో డాక్టరుగారు గుండె విన్నారు. తర్వాత నన్నూ విన్నారు, చాలాసేపు.

"గుండె గట్టిదేనయ్యా. ఇది ఆందోళన. పిరికితనం కాదు. వచ్చినప్పుడు చస్తాననిపిస్తుంది, చావవు. కాసేపటికి దానంతటదే దిగుతుంది. పారిపోయావో, ఈసారి ఇంకాస్త బలిసి వస్తుంది. కూర్చుని ఊపిరి నెమ్మదిగా వదులు. తగ్గకపోతే మళ్లీ రా."

"టానిక్కు రాయరాండీ?" అన్నాడు మావయ్య నిరాశగా.

"మీరు పక్కన కూర్చోండి, చాలు."

తర్వాత నేను పాత వైద్యం పుస్తకాలు కొని చదివి, ఆయన చెప్పిందంతా నిజమేనని సరిచూసుకున్నాను. దేన్నీ ఊరికే నమ్మను.

మూడో ఆదివారం పాస్టరుగారు అడగ్గానే చర్చిలో వాళ్లంతా నా వైపు తిరిగారు. ఆయనా నన్నే చూస్తూ, ఎప్పటికన్నా ఎక్కువసేపు ఆగారు. దడ వచ్చింది. ఊపిరి వదిలాను. మళ్లీ వదిలాను. దడ సగానికి దిగేసరికి ప్రకటన అయిపోయింది.

పాట అందుకోవడానికి అందరూ లేచారు. నేనూ లేవబోయాను, లేవలేకపోయాను. చూస్తే నా చొక్కా కొస మావయ్య గుప్పిట్లో ఉంది.

"పాటండీ, మావయ్యా."

"పాడుకో," అన్నాడు, "కూర్చునే పాడుకో."